గిరి గీసేదెవరు?

దినచర్యను గురించి, రోజువారీ అలవాట్లను గురించి వ్యాసం రాయటం మన పాఠకుల్లో కొందరికి వింతగా కనిపించవచ్చు. సాహిత్యంలో వాస్తవికతను గురించీ, వర్గ సంబంధాలను గురించీ చర్చించుకునే పుటల్లో, ఎప్పుడు నిద్ర లేవాలి, మనసు ఎట్లా నిలుస్తుంది అనే ప్రశ్నలకు చోటేమిటని వాళ్ళు అడగవచ్చు. అవి వ్యక్తిత్వ వికాసం పేరిట పుస్తకాలమ్ముకునేవాళ్ళ సరుకు గదా అని చప్పరించనూ వచ్చు. కాని మనం జవాబు చెప్పని ప్రశ్న జవాబు లేకుండా ఉండిపోదు. ఇంకెవరో చెబుతారు. ఆ జవాబు నమ్మిన విద్యార్థి తన బీదరికాన్ని తన బద్ధకంగా అర్థం చేసుకుంటాడు. నా దృష్టిలో ఇది చిన్న నష్టం కాదు. అందుకే ఈ ప్రశ్న మనదీ కావాలి.

నేను బనగానపల్లెలో తెలుగు పాఠం చెబుతాను. ఈ ప్రాంతంలో నాపరాతి గనులూ, బండలకు మెరుగు పెట్టే ఫ్యాక్టరీలూ చాలా ఉన్నాయి. నా తరగతిలో కూర్చునే పిల్లల్లో చాలామంది తండ్రులు ఆ గనుల్లో, ఫ్యాక్టరీల్లో, లేదా పొలాల్లో పనిచేస్తారు. సెలవు దినాల్లో పిల్లలే ఆ పనులకు పోవటం కూడా అరుదు కాదు. వీళ్ళు నా దగ్గరికి వచ్చి తరచుగా చెప్పే మాట ఒకటుంది: "పుస్తకం పట్టుకుంటే మనసు నిలబడల్లేదు సార్." ఈ మాట చెప్పేటప్పుడు వాళ్ళ ముఖాల్లో తప్పు చేసినవాడి సిగ్గు కనిపిస్తుంది. సెల్‌ఫోనులో ఎవరో పెద్దమనిషి చెప్పింది వాళ్ళు విని ఉంటారు. తెల్లవారి 5 గంటలకు లేవాలట, చన్నీళ్ళు పోసుకోవాలట, జీవితలక్ష్యాన్ని కాగితం మీద రాసుకుని రోజూ చదువుకోవాలట. ఇవన్నీ చెయ్యనివాడు ఓడిపోతాడట, ఓడిపోయినవాడు ఇవి చెయ్యనివాడేనట. 3 రోజులు చేసి, 4వ రోజు చెయ్యలేక, ఆ కుర్రవాడు తనను తానే తిట్టుకుంటాడు.

ఇందులో ఉన్న నైతిక ప్రశ్నను విప్పి చూద్దాం. మనిషికి రోజు పొడుగునా నిలిచే శక్తి, ఒక పని మీద నిలిచే మనసు అనేవి అతను సంపాదించుకున్న సద్గుణాలా? లేక పరిస్థితులు అతనికి ఇచ్చినవా? సద్గుణాలే అయితే, అవి లేనివాణ్ణి నిందించే హక్కు మనకుంటుంది. పరిస్థితులు ఇచ్చినవే అయితే ఎవరినీ నిందించలేము, కాని ఎవరినీ ఏమీ అడగనూ లేము. ఈ రెండు జవాబులూ మన చుట్టూ వినిపిస్తూనే ఉన్నాయి. రెండూ తప్పే. కాని రెండింటిలోనూ కొంత నిజముంది గనక, దాన్ని వేరుచేసి చూడాలి.

మొదటి జవాబు పాతది. శామ్యూల్ స్మైల్స్ అనే ఆయన 1859లో ఇంగ్లండులో స్వయంకృషిని గురించి రాసిన పుస్తకం ఈ తరహా సాహిత్యానికంతటికీ పెద్దన్న వంటిది. పట్టుదల, పొదుపు, కాలనియమం ఉంటే ఎవడైనా పైకి రాగలడని దాని సారాంశం. అదే సంవత్సరం మార్క్స్ అర్థశాస్త్ర విమర్శను గురించి రాసిన తొలి గ్రంథం కూడా వెలువడింది. ఒకే కాలంలో, ఒకే ఫ్యాక్టరీ పొగ కింద నిలబడి, ఒకరు మనిషి మనసులోకీ, ఇంకొకరు మనిషి నిలబడిన నేలలోకీ చూశారు.

అయినా స్మైల్స్ వారసులు చెప్పేదంతా అబద్ధమని తోసెయ్యటం సరికాదు. అలవాటుకు శక్తి ఉంది. ప్రతి ఉదయం చదవాలా వద్దా అని తనతో తాను పోట్లాడేవాడు ఆ పోట్లాటలోనే సగం అలసిపోతాడు. అలవాటు పడ్డవాడికి ఆ పోట్లాట ఉండదు. పుస్తకం దగ్గరికి కాళ్ళే తీసుకుపోతాయి. ఈ సంగతిని శాస్త్రీయంగా వివరించినవాళ్ళలో అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ ముఖ్యుడు. 1890లో వెలువడిన తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో అలవాటుకు ఆయన ఒక అధ్యాయమే కేటాయించాడు. అయితే అలవాట్లను అమ్ముకునేవాళ్ళు ఆ అధ్యాయంలో ఒక భాగాన్ని మాత్రం పిల్లలకు చెప్పరు. సమాజం కుదురుగా నిలబడటానికి అలవాటే ఆధారమని అంటూ, కలవాళ్ళ మీదికి లేనివాళ్ళు లేవకుండా ఆపేది కూడా అదేనని జేమ్స్ దాచుకోకుండా ఒప్పుకున్నాడు. గని కార్మికుణ్ణి కూడా ఆయన ఉదాహరణగా తీసుకున్నాడు. గనుల మధ్య బతికే మాకు ఈ ఉదాహరణ విడమరచి చెప్పనక్కరలేదు. మనిషిని నిలబెట్టేదీ అలవాటే, ఉన్నచోటే కట్టి ఉంచేదీ అలవాటే. కాబట్టి అలవాటు మంచిదా చెడ్డదా అని ఊరికే అడిగితే లాభం లేదు. ఎవరి అలవాటు, దేనికోసం, ఎవరి ఖర్చు మీద అని అడగాలి.

ఇక రెండో జవాబు మన శిబిరంలోనే వినిపిస్తుంది. "వ్యవస్థ మారితే గాని ఏదీ మారదు, వ్యక్తి అలవాట్లను గురించి మాట్లాడటం మధ్యతరగతి భావజాలం" అంటారు కొందరు మిత్రులు. ఇది భౌతికవాదంలా కనిపిస్తుంది గాని, భౌతికవాదానికి యాంత్రికమైన నీడ మాత్రమే. వ్యవస్థను మార్చవలసిన మనుషులు ఈ వ్యవస్థలోనే అలసిపోయి ఉన్నారు. వాళ్ళు చదవాలి, ఆలోచించాలి, సమావేశానికి రావాలి, మరునాడు మళ్ళీ రావాలి. దీనికంతటికీ శక్తి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పని సిద్ధాంతం సగం సిద్ధాంతమే.

గ్రాంసీ ఈ లోపాన్ని కనిపెట్టాడు. 1926లో ముస్సోలినీ ప్రభుత్వం ఆయనను ఖైదు చేసింది. 1929 నుంచి 1935 దాకా, ఆరోగ్యం క్షీణిస్తున్నా, ఆయన జైలులో నోటుపుస్తకాలు నింపుతూనే ఉన్నాడు. వాటిలో విద్యను గురించి రాస్తూ, చదువు కూడా శ్రమేనని, దానికి మెదడుతో పాటు ఒంటికీ శిక్షణ కావాలని ఆయన అన్నాడు. కదలకుండా కూర్చోవటం, కళ్ళను పుట మీద నిలపటం, విసుగును ఓర్చుకోవటం ఎవరికీ పుట్టుకతో రావు. చదువుకున్న కుటుంబంలో పుట్టిన పిల్లవాడు వీటిని ఇంటి గాలిలోనే నేర్చుకుంటాడు. కూలివాడి బిడ్డ ఒక్కొక్కటే కష్టపడి నేర్చుకోవాలి. అంటే మనం తెలివి అని మెచ్చుకునేదీ, శ్రద్ధ అని మార్కులు వేసేదీ చాలావరకు ఒక తరం ముందే ఇంట్లో చేరిన ఆస్తి. అంతమాత్రాన ఆ శ్రమ వద్దని గ్రాంసీ అనలేదు. పేదవాడి బిడ్డకు చదువును తేలిక చెయ్యమని అడగలేదు. ఆ కఠిన శిక్షణను అతనికీ అందుబాటులోకి తెమ్మన్నాడు. నేను పట్టుకోదలచింది ఈ దారినే.

ఈ దారిలో నాకు బనగానపల్లె కథే ఒకటి దీపంగా కనిపిస్తుంది. పోతులూరి వీరబ్రహ్మం ఈ ఊళ్ళో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా ఉన్నాడని ఇక్కడి జనం చెప్పుకుంటారు. పశువులను రవ్వలకొండకు తోలుకుపోయి, వాటి చుట్టూ కర్రతో గిరి గీసి, తాను గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసుకునేవాడట. గిరి దాటి ఒక్క పశువూ పోయేది కాదట, ఎవరి చేలోనూ పడేది కాదట. సంగతి తెలిసిన అచ్చమ్మ ఆయనను గురువుగా భావించిందంటారు. భక్తులు ఇందులో మహిమను చూస్తారు. హేతువాదులు కట్టుకథ అని పక్కన పెడతారు. నాకు ఈ రెండూ చాలవు. కథను కల్పించిన జనానికి ఏ అనుభవం ఉందో, ఏ కోరిక ఉందో అడగటం సాహిత్య విద్యార్థి పని.

పశువులు కాయటం బరువులు మోసే పని కాదు. కాని దానికి రోజంతా చూపు కావాలి. కాపరి కన్ను మరలితే ఆవు పక్కవాడి చేలో ఉంటుంది, సాయంత్రానికి తిట్లూ తగవులూ ఉంటాయి. రాయటానికీ అదే చూపు కావాలి. మనిషికి ఉన్నవి రెండే కళ్ళు. అవి పశువు మీదా ఉండాలి, తాటాకు మీదా ఉండాలి. ఈ చిక్కును జనం బాగా ఎరుగుదురు, ఎందుకంటే అది వాళ్ళ రోజువారీ చిక్కు. అందుకే వాళ్ళు తమ కథానాయకుడు కోడికూతకు ముందే లేచి, పశువులు కదలకముందే రాసుకున్నాడని చెప్పలేదు. సంకల్పబలంతో అలసటను జయించాడనీ చెప్పలేదు. పశువులు మేసేచోట గిరి గీశాడని చెప్పారు. శ్రమజీవి రాసుకోవాలంటే ఆ కాసేపు అతని పనిని ఇంకెవరైనా చూసుకోవాలి. ఆ ఇంకెవరో వాళ్ళ లోకంలో లేరు. కాబట్టి ఆ పనిని గిరికి అప్పజెప్పారు. మహిమ అని వాళ్ళు పేరుపెట్టింది తీరికకే. మన వ్యక్తిత్వ వికాస నిపుణులకంటే ఈ పామరులు మనిషి మనసును గురించి సత్యానికి దగ్గరగా ఉన్నారని నేనంటాను.

మహిమ గీయలేని గిరిని చరిత్రలో మనుషులే గీశారు. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దొరికింది 1890లో. దాని వెనుక నారాయణ మేఘాజీ లోఖండే నడిపిన ఏళ్ళ తరబడి ఆందోళన ఉంది. 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగ కార్మికుడి పనిదినాన్ని 12 గంటలకు పరిమితం చేసింది. ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో వారపు పరిమితి 1922లో 60 గంటలు, 1934లో 54, 1946లో 48 అయింది. ఆ 48నే 1948 ఫ్యాక్టరీల చట్టం స్థిరపరచింది. 1923లో మద్రాసు సముద్రతీరాన సింగారవేలు మేడే జరిపినప్పుడు అడిగింది కూలి పెంచమని మాత్రమే కాదు, రోజు చుట్టూ గిరి గీయమని. 60 నుంచి 48కి తగ్గిన ఆ 12 గంటల్లోనే కార్మికుడి నిద్ర ఉంది, బిడ్డతో గడిపే సాయంత్రం ఉంది, పుస్తకం ఉంది, సంఘం ఉంది. ఎనిమిది గంటల పనిదినమనేది మానవజాతి సాధించిన అన్ని దినచర్యల్లోకీ గొప్ప దినచర్య. దాన్ని ఏ ఒక్కడూ తన గదిలో కూర్చుని సాధించలేదు.

గీసిన గిరి చెరిగిపోవటమూ ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఫ్యాక్టరీల చట్టానికి సవరణ చేసి, రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచింది. వారానికి 48 గంటలన్న గీత అలాగే ఉంది గదా అన్నారు. కాని మనిషి అలసిపోయేది వారం లెక్కన కాదు, పూట లెక్కన. పదో గంట అన్నిటికంటే బరువైన గంట. చట్టం కంటికి ఆనని చోట్ల, బండకింత అని కూలి కట్టే చోట్ల, మనిషి తన గిరిని తన చేత్తోనే చెరుపుకుంటాడు. ఇంకొక బండ, ఇంకొక పది రూపాయలు. సాయంత్రం అతని చేతికి పుస్తకమిచ్చి ఏకాగ్రతను గురించి ఉపదేశించటం అన్యాయమే కాదు, అజ్ఞానం కూడా.

ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న గిరిని గురించి మాట్లాడటం మనకు అలవాటే. ఇంట్లో ఉన్న గిరిని గురించి అంతగా అలవాటు లేదు. చదువుకునే మగవాడి తెల్లవారుజాము గంటను తీసుకుందాం. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది, మనసు చక్కగా నిలుస్తుంది. కాని ఆ గంటలో ఎవరో వాకిలి ఊడుస్తున్నారు, నీళ్ళు పడుతున్నారు, పొయ్యి దగ్గర నిలబడ్డారు, ఏడ్చే బిడ్డను పక్కగదిలోకి తీసుకుపోతున్నారు. ఆయన బల్ల చుట్టూ గిరి గీసింది ఆమె. ప్రభుత్వ గణాంకశాఖ 2019లో దేశమంతటా జనం కాలాన్ని ఎట్లా వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. ఆరేళ్ళు, అంతకు పైబడిన ఆడవాళ్ళలో నూటికి 81 మంది ఆ రోజు కూలిలేని ఇంటిపని చేశారు. సగటున 299 నిమిషాలు, అంటే 5 గంటలకు ఒక్క నిమిషం తక్కువ. మగవాళ్ళలో అట్లా చేసినవాళ్ళు నూటికి 26 మందే. వాళ్ళు చేసింది 97 నిమిషాలు. ఈ తేడాలోంచే మన పాండిత్యమూ, మన కవిత్వమూ, మన ఉద్యమ సాహిత్యమూ చాలావరకు పుట్టాయి.

ఒక గిరి ఇంకొకరికి బందెలదొడ్డి కావచ్చు. నా వాదంలో నైతికమైన భాగం ఇదే. ఇంట్లో ఒక్కరు మాత్రమే పాటించగలిగే దినచర్య సద్గుణం కాదు, హోదా. ఒక అలవాటు మంచిదో కాదో తేల్చటానికి, అది నా శక్తిని పెంచిందా అని ఒక్కటే అడిగితే చాలదు. దాన్ని నిలబెట్టటానికి ఎవరి శక్తి ఖర్చయింది, వాళ్ళు ఇష్టపడి ఇచ్చారా, వాళ్ళ వంతు గంట వాళ్ళకు దొరికిందా అని కూడా అడగాలి.

దీనికి మన పెద్దల జీవితంలోనే ఉదాహరణ ఉంది. మార్క్స్ బ్రిటిష్ మ్యూజియం పఠనాలయంలో రోజుల తరబడి కూర్చుని చదివాడని మనం విద్యార్థులకు గర్వంగా చెబుతాం. ఆ రోజులు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎంగెల్స్ 1850 నుంచి 1869 దాకా, తనకు ఏ మాత్రం ఇష్టంలేని మాంచెస్టర్ వ్యాపారసంస్థ కార్యాలయంలో పనిచేసి, ఆ సంపాదనలోంచి మిత్రుణ్ణి పోషించాడు. జెన్నీ అతని కొక్కిరిబిక్కిరి రాతను శుద్ధప్రతిగా రాసింది. హెలెన్ డెముత్ ఆ ఇంటి పనంతా నెత్తిన వేసుకుంది. 1867 ఆగస్టులో కాపిటల్ మొదటి సంపుటం అచ్చుప్రతులు దిద్దటం ముగించిన రాత్రి, మార్క్స్ ఎంగెల్స్‌కు జాబు రాసి, ఇది సాధ్యపడింది నీ త్యాగం వల్లనేనని కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఎంగెల్స్ తెలిసి ఇచ్చాడు, మార్క్స్ తెలిసి పుచ్చుకున్నాడు, ఋణం ఒప్పుకున్నాడు. ఇది న్యాయంగానే ఉంది. కాని హెలెన్ డెముత్‌కు అటువంటి ఎంపిక ఉందా? ఆమెను లండన్ హైగేట్ శ్మశానంలో మార్క్స్ దంపతుల సమాధిలోనే పూడ్చారు. చావులో దొరికిన ఆ సమానత్వం బతుకులో ఆమె గంటలకు దొరకలేదు. మహాగ్రంథానికి కూడా ఈ లెక్క తప్పదని చెప్పటం మార్క్స్‌ను తక్కువ చెయ్యటం కాదు, ఆయన నేర్పిన లెక్కనే ఆయన ఇంటికి వర్తింపజెయ్యటం.

మనసు గాలిలో వేలాడే వస్తువు కాదు. మనిషి బరువులో మెదడు నూటికి 2 వంతులే ఉన్నా, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంటికి కావలసిన శక్తిలో దాదాపు 20 వంతులు అదే తీసుకుంటుంది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పొద్దున్నే ఇంటిపని ముగించి, తిన్నదో లేదో తెలియకుండా బస్సెక్కి వచ్చిన అమ్మాయి 11 గంటల పాఠంలో తూగితే, దానికి అశ్రద్ధ అని పేరు పెట్టే అధికారం మనకెక్కడిది? 2025 జనవరి నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో మధ్యాహ్న భోజనం పెట్టటం మొదలైంది. డొక్కా సీతమ్మ పేరు పెట్టిన ఆ పథకంలో లోపాలుంటే ఎత్తిచూపుదాం. కాని ఏకాగ్రతను గురించి పది ఉపన్యాసాలు చెయ్యలేని పని ఒక పళ్ళెం అన్నం చేస్తుందన్న సంగతి మరవకూడదు.

గిరిని లోపలి నుంచి చెరిపే కొత్త పరికరం సెల్‌ఫోను. గని యజమానికి కార్మికుడి కండ కావాలి. ప్రకటనల మీద బతికే సెల్‌ఫోను వ్యాపారానికి మనిషి చూపు కావాలి. మన కన్ను ఎంతసేపు నిలిస్తే వాళ్ళకు అంత రాబడి. పనిగంటల తర్వాత మిగిలిన తీరికను కూడా సరుకు చెయ్యటం ఈ కాలపు పెట్టుబడి కనిపెట్టిన విద్య. వేలమంది నిపుణులు కూర్చుని తయారుచేసిన వలను, అలసిపోయిన ఒక కుర్రవాడు ఒంటరిగా సంకల్పబలంతో తెంచుకోవాలనటం సమాన పోటీ కాదు.

మరి విశ్రాంతి మాటేమిటి? దీనికి జవాబు మా ఊరి పేరు మోసిన మామిడిపండే చెబుతుంది. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బేనిషాన్ అని దాని ఇంకో పేరు, మచ్చలేనిదని అర్థం. మామిడిలో చాలా రకాలు ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తక్కువ కాస్తాయి. చెట్టు కాపులో ఖర్చయిన సత్తువను మళ్ళీ కూడబెట్టుకుంటుంది. రైతుకు ఈ సంగతి కొత్తకాదు. కాని తోటను గుత్తకు తీసుకున్నవాడికి ఈ ఏటి కాపు ఈ ఏడే కావాలి. అందుకే పాదుల్లో కల్టార్ పోసి, కొత్త చిగురు వెయ్యనియ్యకుండా చెట్టును పూతకు మళ్ళించే పద్ధతి వచ్చింది. మోతాదు తెలిసి, తగిన ఎరువూ నీరూ ఇచ్చి వాడితే వేరు, కాపు కోసమే ఏటేటా పోస్తూ పోతే చెట్టు నీరసిస్తుంది. ప్రతిరోజూ ఒకే స్థాయిలో పనిచేసే మనిషి కావాలనేది చెట్టు కోరిక కాదు, గుత్తదారు కోరిక. మనం ఆ గుత్తదారు గొంతును మన మనస్సాక్షి అనుకుంటున్నాం. ఖాళీగా కూర్చున్న సాయంత్రం తప్పు చేసినట్టు బాధపడటం ఆ గొంతు ప్రభావమే.

అట్లాగని వ్యక్తి చెయ్యవలసింది ఏమీ లేదని నేననటంలేదు. చాలా ఉంది, కాని ఒంటరిగా కాదు. రంజాన్ నెలలో మా ఊళ్ళో సహర్ వేళకు ముస్లింల ఇళ్ళన్నీ మేలుకుంటాయి. ఆ నెలరోజులూ ఆ వేళకు లేవటానికి అసాధారణమైన సంకల్పబలం ఎవరికీ అక్కరలేదు. పక్కింట్లో దీపం వెలుగుతుంది, వీధిలో అలికిడి ఉంటుంది, ఇంట్లో ఒకరు ఇంకొకరిని లేపుతారు. మతవిశ్వాసం సంగతి ఎట్లా ఉన్నా, అందులో ఉన్న సామాజిక సత్యాన్ని మనం నేర్చుకోవాలి. అందరూ కలిసి మోసే అలవాటు తేలిక, ఒక్కడు మోసేది బరువు.

మన గ్రంథాలయోద్యమం చేసింది సరిగ్గా ఇదే. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టినవాళ్ళు పుస్తకాలను మాత్రమే కూడబెట్టలేదు. చదువుకు ఒక చోటునూ, ఒక వేళనూ, పక్కన కూర్చునే మనిషినీ ఇచ్చారు. 1908లో రాజద్రోహం కింద జైలుకు పోయిన కర్నూలు మనిషి గాడిచర్ల హరిసర్వోత్తమరావు తర్వాతి జీవితాన్ని గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ధారపోయటం కాకతాళీయం కాదు. ఇంట్లో బల్ల లేనివాడికి ఊళ్ళో బల్ల ఉండాలని ఆ తరం అర్థం చేసుకుంది. ఈనాడు మన విద్యార్థి సంఘాలూ, ఉపాధ్యాయ సంఘాలూ ఊరికొక గదిని, రోజుకు 2 గంటలు, సెల్‌ఫోన్లు గుమ్మం బయట పెట్టించి నడపగలిగితే, ఎన్నో ప్రబోధాలకంటే ఎక్కువ ఏకాగ్రతను పుట్టించగలవు. ఆ గదికి అమ్మాయిలు రాగల వేళేదో ముందు కనుక్కుని, ఆ వేళనే తలుపు తెరవాలి.

మన సంఘాల్లోనూ సరిచేసుకోవలసింది ఉంది. 5 గంటలకని ప్రకటించిన సమావేశం 7కు మొదలవుతుంది. ఇంట్లో పొయ్యి ఎదురుచూసే మహిళా కార్యకర్త, చివరి బస్సుకు పోవలసిన పల్లె విద్యార్థి చర్చ మొదలయ్యే వేళకు లేచిపోతారు. చివరిదాకా మిగిలేవాళ్ళు ఇంటిపని లేని మగవాళ్ళు. తీర్మానాలు వాళ్ళవే అవుతాయి. కాలనియమాన్ని బూర్జువా గుణమని వెక్కిరించేవాళ్ళు, ఎదుటి మనిషి గంటను దోచుకోవటం దోపిడీయేనని గుర్తించాలి. అట్లాగే నిద్రాహారాలు మాని పనిచెయ్యటాన్ని త్యాగమని పొగిడే అలవాటు కూడా మానాలి. మూడేళ్ళు మండి ఆరిపోయే కార్యకర్తకంటే ముప్పయ్యేళ్ళు వెలిగేవాడు ఉద్యమానికి అవసరం.

కాబట్టి విద్యార్థులకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. అలవాటు చేసుకోండి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, పుస్తకం ముందు కూర్చోండి. అది శ్రమ గనక మొదట్లో ఒళ్ళు ఎదురుతిరుగుతుంది, ఒంటికి నేర్పాలి. నిలవని రోజున మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ఆ రోజు మీ తిండినీ నిద్రనూ పనినీ లెక్కచూసుకోండి. మీ గంట చుట్టూ గిరి గీసినవాళ్ళెవరో తెలుసుకోండి. ఇంట్లో అమ్మో చెల్లెలో అయితే, రేపు మీరు పొయ్యి దగ్గర నిలబడి వాళ్ళ గంట చుట్టూ గిరి గీయండి. ఫ్యాక్టరీలో ఆ గీతను చెరపటానికి ఎవరు వచ్చినా నలుగురితో కలిసి అడ్డం నిలవండి. ఉపాధ్యాయులకు చెప్పేది ఇంకా చిన్నది: తూగే విద్యార్థిని మందలించేముందు, ఆ రోజు ఎన్నింటికి లేచావని, ఏమి తిన్నావని అడగండి. ఆ జవాబు విన్న తర్వాత కూడా మందలించాలనిపిస్తే అప్పుడు మందలించండి.